ఇరవై అంగుళాల కండెలు

హిందూపురంలో నేను అప్రెంటిస్‌గా చేరిన కార్ఖానాలో ఒక సూపర్‌వైజరు మెడలో ఎప్పుడూ స్టాప్‌వాచ్ వేలాడుతూ ఉండేది. డిప్లొమా చేతికొచ్చాక నాకు దొరికిన మొదటి పని ఆయన వెనక నిలబడి, లేత్ దగ్గర మనిషి ఏ పనికి ఎన్ని సెకండ్లు తీసుకుంటాడో రాసుకోవడం. ఏడాదిలో ఆయన దగ్గర మూడు సంగతులు నేర్చుకున్నాను. ఏ పనినైనా ముక్కలు చేయాలి. ప్రతి ముక్కకూ ఒక నంబరు ఇవ్వాలి. గడియారం పట్టుకున్నవాడు నోరు తెరవకూడదు. మొదటి రెండూ నాకు పుట్టుకతోనే వచ్చాయని, మూడోది ఎప్పటికీ రాదని ఆయన అనేవాడు.

ఎనభైల మొదట్లో ఒక ఆదివారం, మా ఊరు ధర్మవరం నుంచి నేత కూలీల యూనియన్ కార్యదర్శి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఆయనది సైకిల్ షాపు. మగ్గంలో ఒక్కరోజు కూర్చున్నవాడు కాదు. అయినా ఆయన్నే ఎందుకు ఎన్నుకున్నారంటే, నేతగాళ్లలో ఎవరిని నిలబెట్టినా సగం వీధికి బావ, సగం వీధికి పగవాడు. ఈ సాయిబు ఒక్కడే ఎవరికీ ఏమీ కాడు, అందరి సైకిళ్లకూ పంచర్లు వేసినవాడు.

"అబ్బోడా, సర్కారు కనీస కూలి దినానికి ఇంత అన్నాది. షావుకార్లు చీరకు ఇంత అంటాండారు. చీరకు ఎన్ని దినాలు పట్టేదీ తేలకుంటే ఆ సర్కారు కాగితం దేనికి పనికొస్తాది? శనక్కాయలు పొట్లం కట్టేదానికే," అన్నాడు.

షావుకార్లంటే పట్టూ జరీ ఇచ్చి, మా ఇళ్లలో చీరలు నేయించుకుని, చీరకింతని కూలి ఇచ్చేవాళ్లు. మా నాయన అట్లాంటి ఒకాయనకు ఇరవై ఏళ్లుగా నేస్తున్నాడు. ఇంట్లో ఒక చీర దిగడానికి పదిరోజులు పట్టేది. ఆ లెక్క షావుకార్లు ఒప్పుకోలేదు. అందులో సగం బీడీలకూ మాటలకూ పోతుందని, కుదురుగా కూర్చుంటే ఆరు రోజుల పనేనని వాళ్ల వాదన. పెనుకొండలో లేబర్ ఆఫీసరు ఇద్దరి మాటా విని ఒక పరీక్ష పెట్టాడు. రెండు పక్షాలూ చెరొక మగ్గం, చెరొక నేతగాణ్ణి ఆఫీసు ఆవరణకు తేవాలి. ఒకే రకం చిన్న అంచు చీర, ఒక్క మనిషి నేయగలిగినది. ఆయన కళ్లముందు ఎనిమిది గంటలు నేస్తే ఎన్ని అంగుళాలు దిగిందో చూసి, చీరకు ఎన్ని రోజులో తేలుస్తాడు.

మేమిద్దరం కూర్చున్న టీకొట్టు బల్లమీదే నేను లెక్క వేశాను. చీర ఆరు గజాలు, అంటే రెండువందల పదహారు అంగుళాలు. అప్పుడు చీరకు ఇస్తున్న కూలి, సర్కారు రేటులో చూస్తే ఎనిమిది రోజుల కూలితో సమానం. ఎనిమిది రోజుల్లో చీర దిగాలంటే రోజుకు ఇరవై ఏడు అంగుళాలు. పరీక్షలో అంతకన్నా తక్కువ నేస్తే కూలి పెరుగుతుంది. ఎక్కువ నేస్తే తగ్గుతుంది.

"తగ్గుతాదా?" కార్యదర్శి టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"ఆఫీసరు రాసినదాని ప్రకారం తగ్గుతాది."

"అల్లా! పెంచండని అర్జీ పెట్టి తగ్గించుకున్నామంటే ఇంక నా షాపు ముందర ఒక్క సైకిలన్నా నిలబడుతాదా?"

సూపర్‌వైజరును బతిమాలి స్టాప్‌వాచ్ అడిగాను. "పోగొట్టినావంటే దుడ్లు నీ స్టైపెండులోనే పట్టుకుంటా," అని ఇచ్చాడు.

యూనియన్ వ్యూహం సైకిల్ షాపులో తయారైంది. అందులో మూడు అంశాలు. ఊళ్లో అందరికన్నా నిదానంగా నేసేవాణ్ణి ఎంచడం. అతను రోజుకు ఇరవై అంగుళాలు మాత్రమే నేసేట్టు తయారుచేయడం. ఆ ఇరవై నిజాయితీగా కనిపించేట్టు నేను పట్టిక రాయడం. మొదటి అంశం అక్కడే మునిగిపోయింది.

"మనలో అందరికన్నా నిదానం ఎవరప్పా?" అని కార్యదర్శి అడిగాడు.

నలభై మంది ఉన్నారు. చివరికి ఒకాయన పక్కనున్నవాడి భుజం మీద చెయ్యి వేశాడు. "ఈయప్పను రాసుకో."

"నేనా? నీ మగ్గంలో సాలీడు గూడు కట్టి, పిల్లల్ని పెట్టి, ఆ పిల్లల పెండ్లిండ్లు కూడా చేసింది. నేనా నిదానం?"

"ఏమబ్బా, ఇది పేరు చెడ్డం కాదు, యూనియన్ పని!" అని కార్యదర్శి అరిచాడు. యూనియన్ కోసం జైలుకైనా పోతామన్నారు గానీ, నిదానమనిపించుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. సాయంత్రానికి ధర్మవరంలో నిదానంగా నేసే మనిషే లేడని తేలింది. అప్పుడు ఎవరో చుట్టూ చూసి, మీటింగుకు రాని ఒకే ఒక్కడి పేరు చెప్పారు. ఆయన చీర ఇచ్చి రావడానికి షావుకారు ఇంటికి పోయి ఉన్నాడు. తీర్మానం ఏకగ్రీవం. ఆ మనిషి మా నాయన.

కబురు ఇంటికి మోసుకుపోయినవాణ్ణి నేనే.

"నిదానమా? నేనా? ఎవడా మాటన్నోడు?" అన్నాడు నాయన. మూడో రోజు, ఇది అందరి కూలికీ సంబంధించిన సంగతని కార్యదర్శి వచ్చి గంటసేపు నచ్చజెప్పాక, "సరే, నిదానంగా నేసేది మాత్రం రాదా నాకు?" అని ఒప్పుకున్నాడు.

రాదని మరునాడే తెలిసింది. మాది గుంత మగ్గం. నేలలో గుంత ఉంటుంది, నేతగాడు గట్టు మీద కూర్చుని కాళ్లు అందులోకి దించి తొక్కుతాడు. నేను పక్కన స్టూలు వేసుకుని వాచ్ నొక్కాను. నాయన పనిని ముప్పై ఒక్క అంశాలుగా విడగొట్టాను. అడ్డదారం మోసే నాడెను ఇటు నుంచి అటు విసరడం ఒకటి, పలక గుంజి ఆ దారం బిగిసేట్టు దెబ్బ వేయడం రెండు, అట్లా. అయితే నేను చూస్తున్నానని తెలియగానే ఆయన చేతులు తిరిగే తీరు మారిపోయింది. ఎనిమిది గంటల్లో ముప్పై ఒక్క అంగుళాలు నేశాడు. ఇరవై ఏళ్లలో తన మగ్గం మీద అంత ఎప్పుడూ దిగలేదని ఆయనే చెప్పాడు, గొప్పగా.

"నాయనా, నిదానంగా."

"నిదానంగానే ఉండా కదరా. ఇంకా నిదానం చేస్తే దెబ్బ పలచబడతాది. గుడ్డ జల్లెడవుతాది. నా చేతి చీరని ఎవరికి చెప్పుకునేది?"

అందుకని దెబ్బ జోలికి పోకుండా, మధ్యలో చేయదగిన న్యాయమైన ఆలస్యాల పట్టిక రాశాను. నీళ్లు తాగుట. నడుము నిటారు చేయుట. తెగిన పోగు అతుకుట, అది నిజంగా తెగినప్పుడు మాత్రమే. కళ్లద్దాలు తుడుచుట. నాయనకు కళ్లద్దాలు లేవు. కార్యదర్శి ఎక్కడిదో ఒక జత తెచ్చి ఇచ్చాడు.

ఇదంతా జరుగుతున్నప్పుడు అమ్మ మాకు రెండు బారల దూరంలో రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. కండె అంటే నాడెలో పెట్టే చిన్న పుల్ల. అడ్డంగా నేసే దారమంతా దానిమీదే ఉంటుంది. అది అయిపోతే నాయన చెయ్యి పక్కకు చాస్తాడు, బుట్టలో ఇంకొకటి ఉంటుంది. నా పట్టికలో పదిహేడో అంశం "కండె మార్చుట, పద్నాలుగు సెకండ్లు". కండె బుట్టలోకి ఎట్లా వచ్చిందో నేను రాయలేదు. రాయాలని కూడా తోచలేదు.

"అమ్మా, పెనుకొండకు ఇరవై అంగుళాలకు సరిపడా కండెలు చుట్టియ్యి," అన్నాను.

"ఇరవైకేనా?"

"అంతకు మించి నేయడు. అది మన ప్లాను."

ఆమె మగ్గంలో ఉన్న నాయన వీపు వైపు కాసేపు చూసింది. "సరే నాయనా, ఇరవైకే చుడతా," అంది.

షావుకార్లు తమ తరఫున మా నాయనకు వరసకు బావ అయ్యేవాణ్ణి పెట్టుకున్నారు. ఆయన కూడా మాలాంటి కూలీయే. ఊళ్లో చెయ్యి వేగమున్నవాడని పేరు. షావుకార్లకు యూనియన్ మీద అనుమానం ఎక్కువ. పక్కనుండి ఎవరో పోగులు తెంపి పని ఆపిస్తారని, నిబంధనల్లో ఒకటి పట్టుబట్టి రాయించారు. ఎనిమిది గంటలూ నేతగాడు తప్ప ఇంకెవరూ మగ్గాన్ని గానీ దారాన్ని గానీ ముట్టకూడదు.

పెనుకొండలో మొదటి అడ్డంకి గుంతలు. సర్కారు ఆవరణలో నేల తవ్వాలంటే వేరే శాఖ అనుమతి కావాలన్నారు. అర్జీ పెట్టి నెలరోజులు చూశాం, రాలేదు. చివరికి కార్యదర్శి బుర్ర వెలిగింది. "గుంత తవ్వకూడదన్నారు గానీ, నేల లేపకూడదని అన్లేదు కదా?" రెండు బండ్ల నాపబండలు బాడుగకు తెచ్చి, మధ్యలో ఖాళీ వదిలి చుట్టూ మోకాటి ఎత్తున పేర్చాం. గుంత కిందికి పోయే బదులు నేల పైకి వచ్చింది. ఆఫీసరు కోస్తా నుంచి వచ్చినవాడు, కొత్త. బండల చుట్టూ రెండుసార్లు తిరిగి, "మీ ఊళ్లో ఇట్లాగే ఉంటుందాండీ?" అని అడిగాడు. అవునన్నాం.

ఉదయం తొమ్మిదికి ఆయన విజిల్ ఊదాడు. నాయన కళ్లద్దాలు పెట్టుకుని ఒక దెబ్బ వేసి నీళ్లు తాగాడు. ఆశ్చర్యమేమిటంటే, పక్క మగ్గంలో బావ కూడా నీళ్లు తాగాడు. కాసేపటికి నాకు అర్థమైంది. షావుకార్లు వేగంగా నేయమని ఆయనకు చెప్పారు, కానీ కూలి తగ్గితే ఆయనకూ తగ్గుతుంది. ఇద్దరూ నిదానంలో పోటీ పడుతున్నారు. అరగంటకు చెరొక అంగుళం. కార్యదర్శి ముఖం వెలిగిపోయింది.

బస్టాండు దగ్గరే కావడంతో జనం గుమిగూడారు. పరిగి నుంచి ఏదో పని మీద వచ్చిన రైతు ఒకాయన ముందుకొచ్చి, నడుము మీద చేతులు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఏమప్పా, చీర నేస్తాండారా, మొలిపిస్తాండారా? మా పరిగిలో శనక్కాయ చేను దీనికన్నా బిర్న పెరుగుతాది."

జనం గొల్లుమన్నారు. నాయన మెడ ఎర్రబడింది. బావ ఇటు తిరిగి, "బావా, కళ్లద్దాలు ఎప్పట్నించి?" అన్నాడు.

"నిన్నట్నించి."

"పాపం, వయసైపోయె. కానీ, నిదానంగానే కానీ."

నాయన కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఆ క్షణం నా పట్టికలో ఏ అంశంలోనూ లేదు. తర్వాత వినిపించింది ఒక్కటే, టకటకమని మగ్గం శబ్దం. పది నిమిషాలకు రెండో మగ్గమూ అందుకుంది. బావకు కూలి ముఖ్యమే, కానీ పెనుకొండ బస్టాండు జనం ముందు మా నాయన కంటే వెనకబడటం ఆయన వల్ల కాలేదు.

నెమ్మదించాలంటే కార్యదర్శి ఒకసారి సైకిల్ బెల్లు కొట్టాలని మా ఒప్పందం. ఆయన ఒకసారి కొట్టాడు. రెండుసార్లు కొట్టాడు. తర్వాత ఆపకుండా కొడుతూనే ఉన్నాడు. నాయన ఆ బెల్లు తాళానికే దెబ్బ వేయడం మొదలుపెట్టాడు.

"ఎవరండీ ఆ బెల్లు? ఇది ఆఫీసండీ!" అని ఆఫీసరు లోపలి నుంచి కేకేశాడు.

మధ్యాహ్నం భోజనానికి లేచేటప్పటికి నాయన పదహారు అంగుళాలు నేశాడు. షావుకార్లు నీడలో కుర్చీలు వేసుకుని అందరికీ గోలీసోడాలు పంచారు, కార్యదర్శికి కూడా. నేను కాగితం మీద భాగహారం చేసి దాన్ని మడిచేశాను. ఇట్లాగే పోతే ముప్పై రెండు అంగుళాలు. చీర ఏడు రోజులకు లోపే. ధర్మవరంలో ప్రతి ఇంటి కూలీ తగ్గుతుంది, మా ఇంటి వల్ల.

భోజనాలయ్యాక సరిగ్గా ఒక గంటకు, మూడింటికి, నాయన చెయ్యి పక్కకు చాచాడు. బుట్ట ఖాళీ. బుట్టలోకి తొంగి చూసి, మళ్లీ చెయ్యి పెట్టాడు, ఈసారి ఉంటాయేమో అన్నట్టు. అప్పటికి ఇరవై అంగుళాలు. పక్క మగ్గం అంతకు కొద్ది నిమిషాల ముందే ఆగిపోయింది. బావ కూడా ఖాళీ బుట్ట వైపే చూస్తున్నాడు.

"ఏమైందండీ?" అని ఆఫీసరు బయటికి వచ్చాడు.

"కండెలు లేవు సార్."

"తెచ్చుకోండి."

షావుకార్లు సంచి తెరిచారు. కావలసినంత పట్టు ఉంది, అంతా చుట్టలు చుట్టలుగా. వాళ్లు ఎప్పుడూ ఇచ్చేది అదే. ఇంటికి చుట్టలు పోతాయి, చీర వస్తుంది. మధ్యలో ఏమవుతుందో వాళ్లకు అవసరం పడలేదు. వెంటనే కారు పంపి ధర్మవరం నుంచి ఒక ఆడమనిషిని పిలిపిస్తామన్నారు. నేను నిబంధన తీసి చదివాను. నేతగాడు తప్ప ఇంకెవరూ దారం ముట్టకూడదు. రాయించింది వాళ్లే.

"అయితే నేతగాళ్లే చుట్టుకోవాలండీ. గడియారం ఆగదు," అన్నాడు ఆఫీసరు.

రాట్నం లేదు. కార్యదర్శి తన సైకిలును తలకిందులుగా నిలబెట్టి, వెనక చక్రానికి ఆనించి కండె తిరిగేట్టు ఏదో బిగించాడు. పెడల్ తిప్పబోతుంటే ఆఫీసరు ఆపాడు. కొంతసేపు నిబంధనలు చూసుకుని తీర్పు చెప్పాడు. సైకిలుకు అభ్యంతరం లేదు, తిప్పే మనిషికి ఉంది.

నాయన ఒక చేత్తో పెడల్ తిప్పుతూ ఇంకో చేత్తో దారం పట్టుకున్నాడు. ఇరవై ఏళ్ల నేతలో ఆయన ఒక్క కండె చుట్టి ఎరగడు. దారం చిక్కుపడింది, తెగింది, ఊచల్లోకి పోయింది. బావ పక్కన తన వంతు కోసం నిలబడి, "అట్ల కాదు బావా, ఎడమకు తిప్పు," అని చెబుతున్నాడు. ఆయనకూ తెలియదు. ఆరింటికి విజిల్ మోగేటప్పటికి నాయనది ఇరవై ముక్కాలు, బావది ఇరవైన్నర.

"ఇరవై ఏడుకు తక్కువ! చీరకు పది దినాలు!" అని కార్యదర్శి గంతేశాడు.

"అదెట్ల సార్?" అని షావుకార్లు లేచారు. "దారం చుట్టేది నేత పని కాదు కదా. అయిదు గంటల్లో ఇరవై నేసినాడు, అదీ లెక్క. ఏడు దినాలు కూడా పట్టదు."

"మరి చుట్టడం ఎవరి పని?"

"ఇంట్లో చుట్టుకుంటారు సార్."

"ఇంట్లో ఎవరు?"

నేతగాళ్లిద్దరూ బండల వైపు చూశారు. "ఆడోళ్లు," అన్నాడు నాయన.

"వాళ్లకు కూలెంత?"

"ఇంటి పనికి కూలి యాడిది సార్?" అని షావుకారు నవ్వాడు.

"పెనుకొండలో మాకు ఇల్లు లేదు సార్," అన్నాడు బావ. "అందుకే నిలబడిపోయింది."

ఆఫీసరు నా పట్టిక అడిగి తీసుకున్నాడు. ముప్పై ఒక్క అంశాలూ చదివి పదిహేడు దగ్గర వేలు పెట్టాడు. "కండె మార్చుట ఉంది. కండె చుట్టుట లేదేమండీ?"

అయిదు గంటలకు ఇరవై, అంటే ఎనిమిదికి ముప్పై రెండు అంగుళాల లెక్కన, నేత మటుకు ఆరుముక్కాలు రోజులుగా ఆఫీసరు అక్కడికక్కడే తేల్చేశాడు. ఇంటి పని ఎంతో వారంలోగా కొలవాలి, తన గుమాస్తా వచ్చి కళ్లారా చూడాలి, అది దీనికి కలుపుతానన్నాడు. అంటే ఒకటింబావు రోజులు మించితేనే కూలి పెరుగుతుంది. మించకపోతే పాత కూలి కూడా దక్కదు.

ఇంటికి వెళ్లేసరికి అమ్మ గడపలో ఉంది.

"ఎంత నేసినావు?" అని నాయనను అడిగింది.

"ఇరవై ముక్కాలు."

"ముక్కాలు యాడిది?"

నాయన కాళ్లు కడుక్కోవడానికి పోయాడు. సైకిలు సంగతి నేను చెప్పాను. ఆమె రాట్నం పట్టుకుని నవ్వింది, కళ్లలో నీళ్లొచ్చేదాకా.

"అమ్మా, నీకు ముందే తెలుసా?"

"మీ నాయన చేతులు నాకు తెల్దా? పక్కన మనిషి నిలబడితే ఆగవు. కండె ఉంటే నేస్తాడు, లేకుంటే యాడ నేస్తాడు? పొద్దున ఇంకో పది ఇయ్యమన్నాడు, లేవు పో అంటి. ఆ బావ పెండ్లాం, మీ అత్తతో కొళాయి కాడే అనుకుంటిమి, ఆమె కూడా ఇరవైకే చుట్టింది. ఇంక అర అంగుళం వాళ్లదెట్ల వచ్చె?"

"అదే సైకిలు."

నలభై మంది కూర్చుని చేసిన తీర్మానాలేవీ పెనుకొండలో పనిచేయలేదు. కొళాయి దగ్గర రెండు బిందెలు నిండే లోపల ఇద్దరు చేసింది పనిచేసింది.

గుమాస్తా వచ్చిన రోజు అమ్మను పక్కకు పిలిచి బతిమాలాను. నిదానంగా చుట్టాలి, మన కూలంతా ఇప్పుడు నీ చేతిలో ఉంది అని. "సరే నాయనా," అంది. గుమాస్తా చాప మీద కూర్చున్నాడు. నేను వాచ్ నొక్కాను. రాట్నం చక్రంలో ఊచలు కనిపించడం మానేశాయి.

"అమ్మా, నిదానం!"

"నిదానంగా చుడితే కండె వదులైతాది, నాడెలో చిక్కుపడతాది. మీ నాయన చేత మాట పడమంటావా?"

మగ్గంలోంచి నాయన నవ్వడం వినిపించింది. పెనుకొండ తర్వాత అదే మొదటిసారి.

ఆమె చేయి ఆపకుండానే నాతో రాయించింది. జరీ వేరే చుట్టాలి, రాసుకో. పాత పడుగు అయిపోతే కొత్త పడుగు పోగుకు పోగు అతకాలి, అది ఎవరనుకుంటివి? చీర దిగినాక కొనలు కత్తిరించేది, మడతేసేది. ముప్పై రెండు నుంచి నలభై నాలుగు వరకు పోయింది పట్టిక. గుమాస్తా కూడా కాగితం అడిగి తీసుకున్నాడు. అంత వేగంగా చుట్టినా చీరకు రెండుంబావు రోజులు తేలింది.

ఉత్తర్వు వచ్చింది. నేత ఆరుముక్కాలు, అనుబంధ పనులు రెండుంబావు, వెరసి చీరకు తొమ్మిది రోజులు. ఎనిమిది నుంచి తొమ్మిదికి. అమ్మ ఆ రోజు తన మామూలు చేతితో చుట్టి ఉంటే పదయ్యేదని నేను లెక్క వేసి చూపించాను. ఎవరూ వినలేదు. కార్యదర్శి సైకిల్ షాపు ముందు టపాకాయలు కాల్చాడు. నాయన ఆ ఉత్తర్వు నకలు జేబులో పెట్టుకుని వీధంతా తిరిగాడు, కూలి పెరిగినందుకు కాదు. "ఆరుముక్కాలు అని సర్కారు రాసిచ్చినాది చూడు. నన్నా నిదానం అన్నారు?" అని ఒక్కొక్కరికీ చూపించాడు. బావ కూడా ఒక నకలు సంపాదించి, ఆ అంకె తనదేనని వేరే వీధుల్లో చెప్పుకున్నాడు.

కొత్త కూలి మొదటిసారి అందుకుని నాయన ఇంటికొచ్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. అమ్మ రాట్నం ఆపి, చెయ్యి పమిట కొంగుకు తుడుచుకుని ముందుకు చాచింది.

"ఏమి?" అన్నాడు నాయన.

"నా రెండుంబావు యాడ?"

నాయన నా వైపు తిరిగాడు, పట్టికలో దీనికేమైనా నంబరు ఉందా అన్నట్టు. నేను స్టాప్‌వాచ్ ఇచ్చేయాలని హిందూపురం బండికి బయలుదేరాను.